రెండో జేబు

నా చొక్కాలన్నింటికీ రెండు జేబులుండేవి. కంచరపాలెం టైలరు మొదట్లో నవ్వేవాడు, "పోలీసోడివేటి వరహాలూ?" అని. పోలీసునైతే నాకీ గతి పట్టేది కాదు. ఎడమ జేబులో మీటలు నొక్కే ఫోను. కుడి జేబులో డిజిటల్ డైరీ. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా అది. మూత తెరిస్తే చిన్న తెర, కింద ఏబీసీడీ మీటలు. అలాంటిది ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. పోర్టులో అందరూ నన్ను రెండు జేబుల వరహాలనే పిలిచేవారు. కోపం వచ్చేది కాదు, గర్వంగానే ఉండేది.

నా పని ఓడలకి సరుకులు వెయ్యడం. స్టీలుప్లాంటు బొగ్గు మోసుకుని ఎక్కడెక్కడి నుంచో ఓడ వస్తుంది. అందులో ఉన్న మనుషులకి కూరగాయలు కావాలి, కోళ్ళు కావాలి, గుడ్లు కావాలి, సబ్బులు కావాలి. వాళ్ళు సంచీ పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి రాలేరు కదా, నేనే మోసుకెళ్ళాలి. నాలాంటివాళ్ళు రేవులో బోలెడుమంది. ఓడని ఒడ్డుకి కట్టగానే ఎవడు ముందు నిచ్చెనెక్కితే వాడిదే బేరం. తక్కినవాళ్ళంతా కెప్టెన్ గదికి పరిగెత్తేవారు. నేను తిన్నగా వంటగదికి పోయేవాణ్ణి. సంతకం పెట్టేది కెప్టెనే గాని, ఏం కావాలో ఎవడి దగ్గర కొనాలో చెప్పేది వంటవాడు. అక్కడికీ వట్టి చేతులతో పోకూడదు. మామిడిపళ్ళ రోజుల్లో సువర్ణరేఖ పళ్ళ బుట్ట, లేని రోజుల్లో జీడిపప్పు. ముందు పండు కోసుకు తినాలి, చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే సరుకు మాట. ఇది నా పద్ధతి.

బుట్ట కట్టేది మా ఆవిడ సూర్యకళ. అడుగున గడ్డి, గడ్డి మీద పళ్ళు, పళ్ళ మధ్య వేపరెబ్బలు, పైన తన పాత చీర ముక్క కప్పి నాలుగు మూలలా ముడులు. మామిడిపళ్ళలో వేపాకేమిటే అంటే, "సముద్రం మీద పోయే పళ్ళకి దిష్టి తగలదేటి?" అనేది. అలా కట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు.

డైరీ ఇచ్చింది రోడెల్. ఫిలిప్పీన్స్ మనిషి, ఓడ వంటవాడు. ఒకసారి పన్నునొప్పితో విలవిల్లాడిపోతుంటే నేనే ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మరుసటి వేసవిలో వచ్చినప్పుడు ఈ డబ్బా తెచ్చి నా కుడి జేబులో పెట్టాడు. అప్పటి నుంచీ ఏ ఓడ వంటవాడికి ఏది ఇష్టమో, ఏది పడదో, ఎవరి పెళ్ళాం పేరేమిటో అన్నీ అందులో ఎక్కించుకున్నాను.

ఇక కామరాజు. సూర్యకళ తమ్ముడు. తల్లి పోతే చిన్నప్పుడే మా ఇంటికొచ్చాడు. మాకు పిల్లల్లేరు, వాడే పిల్లాడు. పెళ్ళి చేసి, మేడ మీద వాటా ఇచ్చి, నా పనిలోనే పెట్టుకున్నాను. మొదటిసారి ఓడ నిచ్చెన ఎక్కుతూ సగంలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. కింద నీళ్ళు, పక్కన ఇనుప గోడ. "కిందికి సూడకురా. నా మడమలు సూసి ఎక్కు," అన్నాను. అలాగే ఎక్కాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అలాగే ఎక్కాడు.

ఆ ఏడు ఉగాది మర్నాడు ద్వారకా నగర్ నుంచి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు.

"బావ, ఈ రెండు డబ్బాలూ ఇంకెన్నాళ్ళు మోత్తావు? ఇదిగో, రెండూ ఇందులోనే. ఫోనూ ఇదే, డైరీ ఇదే. నోటితో సెప్తే అదే రాసుకుంతాది."

"నాకొద్దురా. ఏలు తగిల్తే సాలు, ఎక్కడికో పోతాది."

"ఓరి బావా! రిచ్చావోళ్ళు వాడతన్నారు, సేపలమ్మినోళ్ళు వాడతన్నారు. నువ్వు దేశదేశాలోళ్ళతో మాటాడినోడివి, నీకు రాదా?"

నాకు పొగడ్తలు పడవని ఎవరైనా చెబితే నమ్మకండి. చక్కగా పడతాయి. పైగా సూర్యకళ, "తమ్ముడు ముచ్చటపడి తెచ్చేడు, పుచ్చుకోరాదేటి," అంది. పుచ్చుకున్నాను.

వాడు అరుగు మీద కూర్చుని ఏవేవో నొక్కాడు. "మెయిల్ ఐడీ అడుగుతంది బావ. నీకు లేదు గదా. నాదే ఏసేత్తను. ఒకే ఇల్లు గదేటి."

"ఏదో ఒకటి తగలెయ్."

ఇక్కడే మునిగాను. నేనే కాదు, నా ఈడువాళ్ళలో సగం మంది ఫోన్లు కొడుకుల పేరు మీదో, అమ్మిన షాపువాడి పేరు మీదో నడుస్తున్నాయి. సిమ్ము మనది, ఫోను మన జేబులో ఉంది, ఇంకేం కావాలి అనుకుంటాం. అదొక తాళమనీ, దాని చెవి మొలలో కట్టుకోవాలనీ మాకు చెప్పినవాడెవడు?

తర్వాత సాయంత్రాలన్నీ అరుగు మీదే. నేను డైరీ కళ్ళ దగ్గర పెట్టుకుని చదవడం, వాడు కొత్త ఫోనులోకి ఎక్కించడం. సూర్యకళ పకోడీలు వేసుకొచ్చి గడప మీద కూర్చునేది.

"రోడెల్. కోడి మెడలు పారెయ్యకూడదు, విడిగా కట్టియ్యాల. బెండకాయలు లేతవి. ఉల్లిపాయ సిన్నది. కూతురు నర్సు సదువుతంది."

"కూతురు సదువు కూడా రాయాలా బావ?"

"అదే ముందు రాయి. సరుకు ఎవడైనా ఏత్తాడు. నీ కూతురెలగుందని అడిగినోడి దగ్గరే కొంతాడు."

వాడు తలెత్తి నాకేసి అదోలా చూశాడు. గౌరవం అనుకున్నాను. ఛీ, నా మొహం.

అన్నీ ఎక్కించాక, "బాటరీలు తీసేయ్ అక్కా, కారిపోతే డబ్బా పాడైపోద్ది," అన్నాడు. సూర్యకళ బిళ్ళలు రెండూ ఊడదీసి, డైరీని బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. అంత జాగ్రత్త చేస్తున్నందుకు ముచ్చటేసింది కూడా.

కొత్త ఫోను బాగానే ఉందండీ, అబద్ధమెందుకు. రేపు ఫలానా ఓడ అని ముందురోజే మోగేది. కుడి జేబు మాత్రం ఖాళీ అయిపోయింది. ఓడ దగ్గరికి పోయినప్పుడల్లా చెయ్యి దానంతట అదే అటు పోయేది, ఏమీ తగలక వెనక్కొచ్చేది. అలవాటవుతుందిలే అనుకున్నాను.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఓడల ఏజెంటు ఆఫీసు గుమాస్తా భీమశంకరరావు నన్ను పోర్టు గేటు దగ్గర పట్టుకున్నాడు.

"వరహాలూ, నీ రోడెల్ ఓడ శుక్రోరం పొద్దున్న బెర్తు మీదికొత్తంది. ఇంకో సంగతి ఇను. ఆళ్ళ కంపెనీ ఇకమీద ఇసాపట్నం వొచ్చే తమ ఓడలన్నిటికీ ఒక్క మనిసినే పెట్టుకుంటదట. ఆ పేరు ఈ ట్రిప్పులో కెప్టెన్ రాసి పంపాల. కెప్టెన్ రోడెల్ని అడుగుతాడు. రోడెల్ ఎవరి పేరు సెప్తాడో నాను నీకు సెప్పాలేటి?"

"ముందు పోయినోడి పేరు సెప్తాడు," అన్నాను, పైకి తేలిగ్గా.

"మరింకేటి, ముందు పో."

ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేల మీద లేవు. ఎందుకంటే నా మోకాళ్ళు అరిగిపోయాయి. నిచ్చెన కోసం పాతికేళ్ళ కుర్రాళ్ళతో మోచేతులు పొడుచుకుంటూ పరిగెత్తడం ఇంక నా వల్ల కావడం లేదు. ఈ ఒక్కటీ వస్తే పరుగు అక్కర్లేదు, బతికినంతకాలం మర్యాదగా నడిచెక్కవచ్చు. ఆ రాత్రి అన్నాల దగ్గర అక్కాతమ్ముళ్ళిద్దరికీ చెప్పాను. వాళ్ళ ముందే ఫోను నోటి దగ్గర పెట్టుకుని "శుక్రవారం పొద్దున్న, రోడెల్ ఓడ" అన్నాను. అక్షరాలు పడ్డాయి. పసిపిల్లాడిలా అందరికీ చూపించాను.

గురువారం పొద్దున్న చూస్తే ఫోనులో శనివారం అని ఉంది.

"అదేటే, భీమశంకరం శుక్రోరం గదా అన్నాడు?"

సూర్యకళ పెరట్లో పళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "శనోరం అనే సెప్పేవు నువ్వు. మొన్న పొయ్యి మీద పాలెట్టి మర్సిపోలేదేటి? వొయసు మీద పడతంది, ఒప్పుకోవు. నువ్వు మర్సిపోతావు గాని ఫోను మర్సిపోతాదా?"

పాలు మాడబెట్టిన మాట నిజమే. భీమశంకరరావుకి ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. చెయ్యలేదు. వరహాలుకి మతి తప్పిందట, ఓడ వచ్చే రోజు కూడా గుర్తుండటం లేదట అని పోర్టంతా పాకుతుందని సిగ్గుపడ్డాను. నా చెవిన పడ్డ మాట కాదని ఫోను మాట నమ్మాను. ఫోను మాట అనుకుంటున్నాను గాని, అది మా ఆవిడ మాట.

శుక్రవారం కామరాజు తెల్లారకుండానే మార్కెట్‌కని వెళ్ళాడు. సూర్యకళ నాకిష్టమని వంజరం పులుసు పెట్టి, దగ్గర కూర్చుని ముల్లు తీసి మరీ వడ్డించింది. పెళ్ళైన కొత్తలో కూడా అంత మురిపెంగా పెట్టలేదు. నేను రెండుసార్లు అన్నం కలుపుకున్నాను.

శనివారం ఉతికిన చొక్కా వేసుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. పోటీకి ఒక్కడూ లేడు. అదృష్టం అనుకున్నాను. రోడెల్ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చి కావలించుకున్నాడు. తర్వాత భుజాలు పట్టుకుని, గాజు సామానుని దించినట్టు మెల్లిగా బల్ల మీద కూర్చోబెట్టాడు. వాడి మాటలు ఇంగ్లీషువి, నాకు పట్టినంతమటుకు చెబుతాను.

"వరా, ఇవాళ ఏ వారం?"

"శనివారం."

"శభాష్. నేనెవర్ని?"

"నీకు పిచ్చిగాని పట్టిందా?"

"కోప్పడకు. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. నిన్న నీ బావమరిది వచ్చి అన్నీ చెప్పాడు. నీకు మతిమరుపు వచ్చిందట, ఓడలెక్కొద్దని డాక్టర్లు అన్నారట. పాపం, వాడి కళ్ళల్లో నీళ్ళు. నా కూతురి నర్సు చదువు ఎలా ఉందని అడిగాడు. కోడి మెడలు విడిగా కట్టి తెచ్చాడు. నువ్వు మర్చిపోయినవన్నీ వాడు గుర్తు పెట్టుకున్నాడు వరా. కెప్టెన్‌కి వాడి పేరే చెప్పాను. మెయిల్ కూడా వెళ్ళిపోయింది. నీ ఇంటికే కదా వచ్చేది?"

రోడెల్ భుజం పక్క నుంచి వంటగది అలమర కనిపిస్తోంది. దాని మీద బుట్ట ఉంది. పళ్ళు సగం అయిపోయాయి. గడ్డి, వేపరెబ్బలు కనిపిస్తున్నాయి. అంచున ఆకుపచ్చ గళ్ళ చీర ముక్క, మూలలు ముడిపడి వేలాడుతోంది. నా ఒళ్ళో ఉన్న బుట్ట మీదా ఆకుపచ్చ గళ్ళే. ఒకటే చీర. నిలువునా రెండుగా చింపి, ఒక సగం శుక్రవారానికి కట్టింది, ఒక సగం శనివారానికి కట్టింది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని, మామిడిపళ్ళ బుట్ట పట్టిచ్చింది.

ఒక్క మాట అంటే చాలు, వాడు అబద్ధమాడాడు అని. కెప్టెన్ దగ్గరికి పోయి ఇంకో మెయిల్ కొట్టించేవాడు రోడెల్. కానీ ఆ ఒక్క మాట వెనకాల ఇంకో మాట చెప్పాలి, నా పెళ్ళామే బుట్ట కట్టిచ్చిందని. పరాయి ఓడ మీద, పరాయివాడి ముందు ఆ మాట నా నోట రాలేదు.

"అవును, ఈమధ్య మర్చిపోతున్నాను," అన్నాను. "కూతురు బాగుందా?"

రోడెల్ ఏడ్చేశాడు.

ఇంటికి పోబుద్ధి కాలేదు. పాత పోస్టాఫీసు దగ్గర గడియారాలు, రేడియోలు బాగుచేసే నజీర్ అహ్మద్ దగ్గరికి పోయాను. డైరీకి ఏళ్ళ తరబడి బాటరీలు వేసింది అతనే. శుక్రవారమని రాసింది శనివారమెలా అయిందో చూడమని ఫోను ఇచ్చాను. తిప్పి చూశాడు.

"ఈ ఖాతా ఎవరిది భాయ్? కామరాజు అనుంది."

"వాడిదే. అయితే ఏటి?"

"ఏటంటావేటి! నువ్విందులో రాసిందంతా వాడి ఫోన్లోనూ పడతాది. వాడక్కడ శుక్రోరం తీసి శనోరం ఎడితే నీ దాంట్లోనూ శనోరమే. ఫోను నీ జేబులో ఉంది, తాళంచెవి వాడి జేబులో ఉంది."

"డైరీ ఉంది నజీర్. దాంట్లో నావన్నీ ఉన్నాయి."

"బాటరీలున్నాయా?"

"తీసేసారు. రెండూ."

నజీర్ కళ్ళద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "నేను మార్చినప్పుడు సూడలేదా భాయ్? ఒకటుంచి ఒకటి మార్చేవాణ్ణి. రెండూ ఒకేసారి తీస్తే అంతా తుడుచుకుపోతాది. యా అల్లా, ఎవరు తీసారు?"

అతను టీ తెప్పించాడు. తాగకుండానే లేచాను.

ఇంటికి పోయేసరికి సూర్యకళ బియ్యం ఏరుతోంది. గడపలో నిలబడే అన్నాను, "సీర బాగా సింపేవే. గీత గీసినట్టు."

చేటలో చేతులు ఆగిపోయాయి. ఏమిటని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఏ చీర, ఏం చింపడం అని ఒక్కసారి బుకాయించి ఉంటే నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను.

"ఆడికి నలభై దాటేయి," అంది చివరికి. "ఎన్నాళ్ళు నీ ఎనకాల బుట్ట మోత్తాడు? పోర్టులో ఆణ్ణి పేరెట్టి పిలిసినోడు లేడు. వరహాలు బామ్మర్ది, అంతే. నీ తరవాతైనా ఆడికేగదా."

"అడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చీవోడివేటి?"

"ఇచ్చీవోణ్ణో, కాదో! అడిగితే తెలిసీది. పని పట్టుకుపోతే పోండి, అది కాదే నా ఏడుపు. నాకు మతి పోయిందని నన్నే నమ్మించేవు. నా బుర్ర మీద నాకే అనుమానం ఎట్టేవు. ముల్లు తీసి మరీ అన్నం పెట్టేవు కదే, సూర్యా! నీకు సెయ్యెలా వొచ్చింది?"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మేడ మెట్ల మీద కామరాజు వచ్చి నిలబడ్డాడు.

"బావ, ఎక్కడికి పోద్ది, ఒకే ఇల్లు గదా..."

"నోర్ముయ్. తిన్నింటి వాసాలు లెక్కెట్టినోడివి, నువ్వు ఇల్లు మాటెత్తకు."

వాడు కిందికి దిగలేదు. నేను పైకి చూడలేదు.

జ్యేష్ఠం వెళ్ళకముందే కామరాజు పెళ్ళాంపిల్లల్ని తీసుకుని పెందుర్తి వెళ్ళిపోయాడు. ఆ కంపెనీ ఓడలన్నీ ఇప్పుడు వాడివే. నడిచే ఎక్కుతున్నాడట, పరుగెత్తక్కర్లేదు కదా. సూర్యకళ నాతోనే ఉంది. వండుతుంది, తింటాను. ఆదివారాలు పెందుర్తి పోయొస్తుంది, అడగను. నేను చిన్నాచితకా ఓడలు ఒకటీ అరా చూసుకుంటున్నాను. అదంతా పడొచ్చు. పడలేనిది ఒకటే. తలుపు తాళం వేశానా లేదా అని ఇప్పటికీ వెనక్కొచ్చి చూసుకుంటాను. వేసే ఉంటుంది. ప్రతిసారీ వేసే ఉంటుంది.

నజీర్ ఫోను తుడిచేసి కొత్త తాళం వేస్తానన్నాడు. ఉండనీ అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు.

తొలకరి పడ్డ ఆదివారం తెలిసింది. సూర్యకళ పెందుర్తి వెళ్ళింది. అరుగు మీద కూర్చుని ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. ఏడాదికోసారి మోగేలా పెట్టడం కామరాజే నేర్పాడు, వంటవాళ్ళ పిల్లల పుట్టినరోజుల కోసం. అలాగే పెట్టి ఒక మాట అన్నాను.

"కామరాజూ, కిందికి చూడకు. నా మడమలు చూసి ఎక్కు."

అక్షరాలు పడ్డాయి. తప్పు లేకుండా పడ్డాయి. పెందుర్తిలో అక్క వడ్డిస్తుంటే వాడి ఫోనులోనూ పడి ఉంటాయి. చాలాసేపు వానకేసి చూస్తూ కూర్చున్నాను. ఏదైనా వస్తుందేమో, ఫోను మోగుతుందేమో, బావ అంటాడేమో అనుకున్నాను. అవును, అనుకున్నాను.

సాయంత్రం తెరిచి చూస్తే ఆ మాట లేదు. వాడు చదివాడు. చదివి, తుడిచేశాడు.

సూర్యకళ గొడుగు మడుస్తూ లోపలికొచ్చింది. "ఏటలగ సూత్తన్నావు ఫోన్లోకి?"

"మజ్జాన్నం ఒక మాట రాసేను. కనపడ్డం లేదు."

"రాసేననుకుని మర్సిపోయుంతావు," అంది అలవాటుగా. అని, అక్కడే ఆగిపోయింది. గొడుగులోంచి నీళ్ళు గచ్చు మీద కారుతున్నాయి.

"లేదే. రాసేను," అన్నాను. "నాకు బాగా గుర్తుంది."